గోతాం మడతలో వచ్చిన ఈగ

దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, ఫాక్‌లాండ్ దీవులకు కూడా వందల మైళ్ళ అవతల, దక్షిణ జార్జియా అనే మంచుకొండల ద్వీపం ఉంది. బ్రిటిష్ వారి ఏలుబడిలోని ప్రాంతం. స్థిరనివాసులు లేరు, ఉన్నవాళ్ళల్లా కొద్దిమంది ఉద్యోగులు, పరిశోధకులు, లక్షల కొద్దీ పెంగ్విన్లు. ఆ ద్వీపానికి సొంత పడవలో, అంటే యాట్ మీద, వెళ్ళదలచిన వాడు పాటించవలసిన నియమాలను ఈమధ్య చదివాను. ముందుగా అనుమతి పొందాలి. నేలమీద కాలు పెట్టే ముందు బూట్ల అడుగుభాగంలోని గాళ్ళను బ్రష్షుతో తోమాలి. సంచుల మూలలు, జేబులు తిరగేసి దులపాలి. బట్టలకు అంటుకున్న గడ్డివిత్తనాలను ఒక్కొక్కటిగా ఏరాలి. పడవలో ఎలుక లేదని తేలాలి. చెత్త ఒడ్డున పారవేయకూడదు. రాత్రిపూట పక్షులు దీపాలకు మోసపోయి పడవను ఢీకొనకుండా వెలుగు బయటికి కనబడనీయకూడదు.

చదువుతూ మొదట నవ్వుకున్నాను. లక్షలు పోసి, తుపాన్లకు ఓర్చి అంతదూరం వెళ్ళినవాడు చివరికి ఒడ్డున కూర్చుని బూటు అడుగున గడ్డివిత్తనం కోసం వెతుక్కోవాలట! నవ్వు పెదవుల మీద ఉండగానే మా అమ్మ గొంతు వినబడింది.

"కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రాబాకు నాయనా, పురుగులకు దిష్టి తగుల్తుంది."

మాది మదనపల్లెకూ పుంగనూరుకూ నడుమ ఒక పల్లె. నా చిన్నతనంలో మాకు ఎకరంన్నర మల్బరీ తోట, ఇంటి పక్కనే పట్టుపురుగులు మేపే రేకుల ఇల్లు ఉండేవి. ఆ పురుగుల ఇంటికి అమ్మ పెట్టిన కట్టుబాట్లు ఏ ద్వీపపు ప్రభుత్వమూ పెట్టి ఉండదు. గడప ముందర సున్నం చల్లి ఉండేది. పక్కన నీళ్ళ తొట్టి. కాళ్ళూ చేతులూ కడుక్కోనిదే ఎవరూ లోపలికి రాకూడదు. పొగాకు నమిలేవాళ్ళు, చుట్ట తాగినవాళ్ళు గడప దాటకూడదు. ఇరుగుపొరుగు వాళ్ళు బయట నిలబడే మాట్లాడి వెళ్ళాలి. మరొకరి ఇంట్లో పురుగులు చస్తున్నాయంటే ఆ ఇంటివాళ్ళు మా వీధిలోకి కూడా తమంతట తామే వచ్చేవారు కారు.

బడికి పోతున్న పొగరుతో నేనొకసారి అడిగాను. "నాకేమన్నా రోగమా మా?"

"నీకు లేదులేప్పా. నీ కాళ్ళకుంటే?" అన్నది అమ్మ.

ఆ జవాబులో ఎంత చరిత్ర ఇమిడి ఉందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ చరిత్రను నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాసుకుంటున్నాను.

* * *

పట్టుపురుగు మన ప్రాంతపు జీవి కాదు. మల్బరీ తోటల వ్యవసాయమూ మనకు తాతలనాటిది కాదు. మైసూరు సీమలో టిప్పు సుల్తాను పద్దెనిమిదవ శతాబ్దం చివర బెంగాలు నుంచి పురుగులను తెప్పించి ఈ వృత్తిని నాటాడు. సుమారు అదే కాలంలో చెన్నపట్నంలో కుంపిణీ వారి వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ కూడా మల్బరీ మొక్కలనూ పురుగులనూ కర్ణాటక సీమ అంతటా వ్యాపింపజేయాలని పట్టుబట్టి పనిచేశాడు. ఆయన 1809లో మరణించాడు. తూర్పుతీరంలో ఆయన ఆశించినట్లు పట్టు పండలేదు కాని, మైసూరు పీఠభూమి చల్లదనంలో టిప్పు నాటినది నిలబడింది. ఆ పీఠభూమి అంచునే మన మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఉన్నాయి.

ఆండర్సన్ చేసిన మరొక పని మన కథకు మరింత దగ్గరిది. ఆయన సైదాపేటలో నాగజెముడు తోట పెంచాడు. ఎర్రరంగునిచ్చే కాచినీల్ పురుగు నాగజెముడు మీదనే బతుకుతుంది. ఆ రంగు వ్యాపారం అప్పట్లో స్పెయిను వారి చేతిలో ఉండేది. 1795లో కెప్టెన్ నీల్సన్ అనే అతడు బ్రెజిల్ తీరం నుంచి ఓడలో ఆ పురుగులను కలకత్తాకు తెచ్చాడు. తీరా చూస్తే అది మేలుజాతి కాచినీల్ కాదు, నాసిరకం. రంగు వ్యాపారం మునిగింది. కాని నాగజెముడు మాత్రం మన దేశంలో వేళ్ళూని, దక్షిణాదిన పొలాలూ బంజర్లూ ఆక్రమించుకుంది. చివరకు 1926లో సింహళం నుంచి తెచ్చిన మరొక జాతి కాచినీల్ పురుగు దాన్ని తిని అదుపులో పెట్టింది.

మనిషి కావాలని తెచ్చినది ఏదో, వెంటబడి వచ్చినది ఏదో విడదీసి చూడటం ఎంత కష్టమో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది. ఓడ ఎక్కించేటప్పుడు మనం ఒకటి అనుకుంటాం. రేవులో దిగేది ఇంకొకటి.

* * *

అమ్మ "దిష్టి" అన్నదానికి శాస్త్రం పెట్టిన పేరు పెబ్రిన్. ఫ్రాన్సు దక్షిణప్రాంతంలో పురుగుల ఒంటి మీద మిరియపు పొడి చల్లినట్లు నల్లని చుక్కలు వస్తే, అక్కడి మాండలికంలో మిరియానికి ఉన్న పేరునుబట్టి దానికి ఆ పేరు పెట్టారు. పందొమ్మిదవ శతాబ్దం మధ్యలో ఆ రోగం ఐరోపా పట్టు పరిశ్రమను దాదాపుగా కూల్చివేసింది. 1865లో ఫ్రెంచి ప్రభుత్వం ఈ చిక్కు విప్పమని లూయీ పాశ్చర్‌ను పంపింది. అంతకుముందు ఆయన పట్టుపురుగు ముఖం ఎరుగడు. ఐదేళ్ళు ఆలే పట్టణం దగ్గర శ్రమించి 1870లో తన గ్రంథం ప్రకటించాడు.

ఆయన పట్టుకున్న కీలకం ఇది: ఈ రోగం ఒక పురుగు నుంచి మరొక పురుగుకు మేత ద్వారా అంటడమే కాదు, తల్లి నుంచి గుడ్డులోకే దిగుతుంది. కాబట్టి గుడ్డును చూసి లాభం లేదు, తల్లిని చూడాలి. ప్రతి ఆడ చిలుకనూ విడిగా గుడ్లు పెట్టనిచ్చి, ఆ తర్వాత దానిని నూరి, ఆ ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద చూడాలి. మెరిసే కోలటి బీజాలు కనబడితే ఆ తల్లి పెట్టిన గుడ్లన్నింటినీ తగులబెట్టాలి. కనబడకపోతే అవి జబ్బులేని గుడ్లు. నేటికీ మన గ్రైనేజీలలో జరిగేది అదే పరీక్ష. మా ఇంటికి వచ్చే గుడ్ల అట్ట వెనుక ఆ ఫ్రెంచి పండితుడి ఐదేళ్ళ తపస్సు ఉన్నదని మా నాయనకు తెలియదు. తెలియకపోయినా గ్రైనేజి ముద్ర లేని అట్టను ఇంటికి తెచ్చేవాడు కాదు.

ఆ రోగాలు మైసూరు సీమనూ వదలలేదు. 1860లలో అక్కడి పురుగులు కుప్పకూలినప్పుడు డి వెక్కీ అనే ఇటలీ దేశస్థుడు జపాను నుంచి కొత్త గుడ్లు తెప్పించి వృత్తిని నిలబెట్టే ప్రయత్నం చేశాడు. శతాబ్దం చివర జంషెడ్‌జీ టాటా బెంగుళూరులో జపాను నిపుణులతో పట్టుక్షేత్రం పెట్టించాడు. స్వాతంత్ర్యం వచ్చాక, కేంద్ర పట్టుమండలి ఏర్పాటుకు 1948లో చట్టం వచ్చింది. 2006లో ఆ చట్టాన్ని సవరించి పురుగుల గుడ్ల తయారీ, అమ్మకం, దిగుమతి మీద స్పష్టమైన అదుపు తెచ్చారు. ఒక పురుగు గుడ్డుకు ఇంత చట్టమా అని అనుకునేవాళ్ళు ఒక్క పంట పోగొట్టుకుని చూడాలి.

* * *

మేము పోగొట్టుకున్నాం.

ఊజీ ఈగ బెంగాలు, అస్సాం సీమలలో ఎప్పటినుంచో ఉన్నది. అక్కడి రైతులు దానితో వేగుతూనే పట్టు పండిస్తూ వచ్చారు. దక్షిణాదిన అది లేదు. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి కర్ణాటకకు వచ్చిన పట్టుగూళ్ళతోబాటు ఆ ఈగ కూడా వచ్చింది. గూడు లోపల పురుగు, పురుగు లోపల ఈగ పిల్ల. పైకి చూస్తే తెల్లని, నిండైన గూడు. రైలులోనో లారీలోనో వందల కోసులు దాటి వచ్చి, కర్ణాటకలో బయటపడి, అక్కడినుంచి ఏ అనుమతిపత్రమూ లేకుండా ఆంధ్ర, తమిళ సీమలకు పాకింది.

దాని తీరు చెబుతాను. మామూలు ఈగకన్న కొంచెం పెద్దది. బూడిదవన్నె ఒళ్ళు, వీపు మీద నిలువు నల్లచారలు. పట్టుపురుగు మీద వాలి తెల్లని చిన్న గుడ్డు అంటించి పోతుంది. రెండు మూడు రోజులలో గుడ్డు పగిలి ఈగ పిల్ల పురుగు చర్మాన్ని తొలుచుకుని లోపలికి దిగుతుంది. అది దిగిన చోట నల్లని మచ్చ పడుతుంది. తిని బలిసిన తర్వాత బయటపడి, నేల పగుళ్ళలోనో, ఏ చీకటి మడతలోనో దూరి, గట్టిపడి కోశమవుతుంది. పది పన్నెండు రోజుల తర్వాత ఈగయి ఎగురుతుంది. లేత పురుగుకు తగిలితే పురుగు చస్తుంది. ముదిరిన పురుగుకు తగిలితే పురుగు గూడు కడుతుంది కాని ఈగ పిల్ల ఆ గూటికి కన్నం పెట్టి బయటికి వస్తుంది. కన్నం పడిన గూటినుంచి దారం తెగకుండా రాదు. అంటే చచ్చినా నష్టమే, బతికినా నష్టమే.

ఆ ఈగ కర్ణాటకలో దిగిన కొన్నేళ్ళకు మా ఇంట జరిగిన సంగతి. మా నాయన గూళ్ళను గోతాలలో నింపి, బస్సు మీద వేసుకుని, సరిహద్దు అవతల ఒక సంతలో అమ్మి వచ్చేవాడు. ఖాళీ గోతాలను చుట్ట చుట్టి తెచ్చి పురుగుల ఇంటి వసారాలో పడేసేవాడు. ఆ సంతలో నాలుగు రాష్ట్రాల గూళ్ళు ఒకే అరుగు మీద పోసేవారు. పోసిన గూళ్ళలోనుంచి ఈగ పిల్లలు రాలేవి. రాలినవి చీకటి వెతుక్కునేవి. గోతాం మడతకన్న మంచి చీకటి ఎక్కడ దొరుకుతుంది?

ఆ విడత పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకును గుటుక్కున మింగుతున్నాయి. రాత్రిపూట పురుగులు ఆకు తినే చప్పుడు వాన చినుకుల్లా ఉంటుంది. ఆ చప్పుడు విన్నవాడు మరువలేడు. అక్క పెండ్లికి అనుకున్న డబ్బు ఆ తట్టలలో ఉండింది. ఒకనాటి ఉదయం అమ్మ ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని దీపం దగ్గరికి తెచ్చింది. దాని పక్కన ఆవగింజంత నల్లమచ్చ. తట్ట తిరగేస్తే ఇంకొకటి. మరొక తట్టలో పది. వసారాలో గోతాల మీద ఈగలు ముసిరి ఉన్నాయి.

చంద్రికల మీద ఎక్కినవాటిలో సగానికి పైగా కన్నాలు పడిన గూళ్ళే దొరికాయి. పెండ్లి ఏడాది వెనక్కి పోయింది. నాయన ఎవరినీ ఏమీ అనలేదు. అనడానికి ఎవరున్నారు? గడప దగ్గర పరాయివాళ్ళను ఆపిన ఇల్లు అది. ఈగ వచ్చింది ఇంటి యజమాని భుజం మీద.

ఆ తర్వాత కిటికీలకు నైలాన్ వలలు వచ్చాయి. వసారా ముందర రెండో తలుపు వచ్చింది. గోతాలను వేడినీళ్ళలో ముంచి ఎండలో ఆరవేయడం వచ్చింది. ఈగ కోశాలలో గుడ్లు పెట్టి వాటిని చంపే నెసోలింక్స్ అనే బుల్లి కందిరీగలను కూడా శాస్త్రజ్ఞులు పెంచి రైతులకు అందించారు. ఈగ మాత్రం పోలేదు. వచ్చాక పంపించడం అన్నది దాదాపుగా లేదు. దానితో కలిసి బతకడమే ఉంది. రానీయకుండా ఉండటానికి పట్టే ఖర్చు ఒక సున్నపు డబ్బా. వచ్చాక పట్టే ఖర్చు తరతరాలది.

* * *

సరిహద్దు అనగానే నాకు కుప్పం గుర్తుకు వస్తుంది. ఒకవైపు కన్నడ నేల, మరొకవైపు తమిళ నేల, నడుమ తెలుగు ఊరు. పూర్వం కంగుంది జమీనులోది. 1864లో బెంగుళూరుకూ జోలార్‌పేటకూ మధ్య పడిన రైలుదారి కుప్పం మీదుగానే పోతుంది. మనుషులతోబాటు రోగాలు కూడా టిక్కెట్టు లేకుండా రైలు ఎక్కుతాయని జనం తెలుసుకున్న కాలం అది. 1896లో బొంబాయి రేవులో దిగిన ప్లేగు 1898 ఆగస్టులో హుబ్బళ్ళి వైపునుంచి రైలులోనే బెంగుళూరు చేరింది. అది కూడా ఓడలలోని ఎలుకల కథే.

ఆనాటి ప్లేగు నిబంధనలను తలచుకుంటే మాత్రం నియమం పట్ల నాకున్న భక్తి కొంచెం సడలుతుంది. రోగం అడ్డుకోవడం మంచిదే. కాని ఆ పేరుతో సైనికులు ఇళ్ళలో చొరబడటం, వస్తువులు తగులబెట్టడం, ఆడవాళ్ళను బహిరంగంగా పరీక్షించడం జరిగాయి. పుణెలో ఆ కడుపుమంట 1897లో రాండ్ అనే అధికారి హత్యదాకా పోయింది. నియమం ఒకటే అయినా అది మూడవ తరగతి ప్రయాణికుడి మీద ఒకలా, మొదటి తరగతి ప్రయాణికుడి మీద మరొకలా పడింది. అటువంటి నియమాన్ని జనం దాటవేస్తారు, రోగిని దాచిపెడతారు. అప్పుడు రోగమే గెలుస్తుంది.

దానికి భిన్నమైన కట్టడి మన ఊళ్ళలో ఒకటి ఉంది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మకూ, కుప్పంలో తిరుపతి గంగమ్మకూ జాతరలు చేస్తారు. మా వైపు పల్లెలలో గంగ జాతరకు చాటింపు వేశారంటే ఊరివాళ్ళు రాత్రికి పొలిమేర దాటి ఉండకూడదు. పొరుగూరి వాళ్ళు వచ్చి నిద్ర చేయకూడదు. వేపాకు, పసుపునీళ్ళు, పొలిమేర చుట్టూ పొలి చల్లడం ఇవన్నీ మీకు తెలిసినవే. ఎండాకాలంలో అమ్మవారు పోసే రోజులలో పుట్టిన ఆచారమిది. ఇది శాస్త్రమని నేను అనను. మన పూర్వులకు అంతా ముందే తెలుసునని చెప్పే వాదం నాకు రుచించదు. కాని ఒక్క సంగతి గమనించండి. ఆ చాటింపు ఊరిపెద్దకూ కూలివాడికీ ఒకటే. అందుకే అది నిలిచింది.

* * *

పుంగనూరు అనగానే అందరికీ ఆ పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది. నిలబడితే మనిషి నడుమును మించదు; ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. కరవు మేత తిని చిక్కటి పాలిస్తుంది. ఒక దశలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలితే పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో మందను పెంచి జాతిని కాపాడుకున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన చిత్రాలు వచ్చాక ఎక్కడెక్కడివాళ్ళో వీటికోసం ఎగబడ్డారు.

పొట్టి ఆవు ఊరు కదలలేదు. మన ఒంగోలు గిత్త మాత్రం సముద్రాలు దాటింది. ఆ ప్రయాణంతో ముడిపడిన ఒక సంగతి, నేటి పశువైద్య చరిత్ర మొత్తానికీ మలుపు.

1920లో ఇండియా నుంచి బ్రెజిల్‌కు పోతున్న మూపురపు పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దిగాయి. వాటివెంట పశువుల పెద్దరోగం, అనగా రిండర్‌పెస్ట్, కూడా దిగింది. బెల్జియం పశువులు కూలిపోయాయి. మరుసటి ఏడాది అదే రోగం బ్రెజిల్‌లోని సావొ పావులో దగ్గర తలెత్తింది. ఈ దెబ్బతో దేశాలు మేలుకుని, ఏ దేశంలో ఏ పశురోగం వచ్చినా మిగతావారికి వెంటనే తెలియజేయాలని ఒప్పుకున్నాయి. 1924 జనవరి 25న పారిస్‌లో 28 దేశాలు కలిసి అంతర్జాతీయ పశురోగ కార్యాలయాన్ని స్థాపించాయి. నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే.

బ్రెజిల్‌వారు ఆ దెబ్బను మరువలేదు. అయినా ఒంగోలు జాతి మీద మోజు చావలేదు. నెల్లూరు పేరుమీద వాళ్ళు దానిని నెలోరె అంటారు. ఆ దేశపు మాంసపు పశువులలో సింహభాగం అదే. 1960ల మొదట్లో మేలైన గిత్తలకోసం మళ్ళీ మన జిల్లాలకు వచ్చారు. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరుతో కర్వాదిగా బ్రెజిల్‌లో ప్రఖ్యాతి పొందిన ఆబోతు ఆనాడు వెళ్ళినదే. కాని ఈసారి ఆ పశువులను సరాసరి దేశంలోకి రానీయలేదు. తీరానికి సుమారు 350 కిలోమీటర్ల దూరాన నడిసముద్రంలో ఫెర్నాండో ద నోరోన్యా అనే ద్వీపం ఉంది. అప్పట్లో కేంద్రప్రభుత్వపు ప్రత్యేక ప్రాంతం. అక్కడ దింపి, రోగం లేదని తేలేదాకా ఉంచి, ఆ తర్వాతే తీరానికి చేర్చారు.

ఊహించుకోండి. గుండ్లకమ్మ ఒడ్డున జొన్నచొప్ప తిని పెరిగిన గిత్త, అట్లాంటిక్ నడుమ నల్లరాతి ద్వీపం మీద, వచ్చేపోయే అలలను చూస్తూ నెమరు వేస్తూ నిలబడి ఉంది. మా ఇంటి గడప ముందర కాళ్ళు కడుక్కుంటూ నిలబడిన పొరుగింటి మామ దానికి దగ్గర చుట్టమనిపిస్తుంది.

ఇందులో ఒక వెక్కిరింత కూడా ఉంది. దేశాన్ని కాపాడటానికి వాడుకున్న ఆ ద్వీపాన్ని కాపాడినవారు లేరు. 1503 నాటి యాత్రను వర్ణిస్తూ వెస్పూచి పేర వచ్చిన లేఖలో అక్కడ చాలా పెద్ద ఎలుకలున్నాయని ఉంది. ఆ ఎలుక ఆ ద్వీపంలో తప్ప మరెక్కడా లేని జాతి. నేడు దాని ఎముకలు మాత్రమే దొరుకుతున్నాయి. తర్వాతి ఓడలలో వచ్చిన మామూలు ఎలుకలే దాని స్థానంలో మిగిలాయి. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ ఎలుకలను తింటాయని పెద్ద తెగు బల్లులను తెచ్చి వదిలారని అక్కడివారు చెబుతారు. ఎలుక రాత్రి తిరుగుతుంది, ఆ బల్లి పగలు తిరుగుతుంది. రెండూ కలుసుకోలేదు. రెండూ కలిసి పక్షిగుడ్లు మాత్రం తింటున్నాయి.

మొదట చెప్పిన దక్షిణ జార్జియాదీ అదే దుఃఖం. 1775లో కెప్టెన్ కుక్ దాన్ని చూసి వెళ్ళాక సీళ్ళ వేటగాళ్ళు వచ్చారు, వాళ్ళ ఓడలతో ఎలుకలు వచ్చాయి. నేలమీద గూళ్ళు కట్టే పక్షుల పిల్లలను ఎలుకలు రెండు శతాబ్దాలు తిన్నాయి. 2011 నుంచి 2015 దాకా మూడు విడతలుగా హెలికాప్టర్లతో విషపు ఎర చల్లి, 2018లో ద్వీపం ఎలుకలు లేనిదని ప్రకటించారు. ఆ ద్వీపానికి మాత్రమే సొంతమైన పిపిట్ అనే చిన్న పాటపక్షి మళ్ళీ పాడుతున్నది. ఇప్పుడొక్క చూలు ఎలుక ఒక్క పడవలోనుంచి దిగితే ఆ శ్రమంతా మట్టి. ఇది తెలిశాక ఆ బూట్ల బ్రష్షు చూసి నవ్వు రాలేదు.

* * *

మన పశువుల పెద్దరోగం సంగతి సుఖాంతమే. ఇండియాలో దాని చివరి దాడి 1995లో జరిగింది. 2011లో ప్రపంచమంతటా అది అంతరించినట్లు ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత మానవుడు పూర్తిగా తుడిచిపెట్టిన రెండవ రోగం అదే. కాని ఆ కుర్చీ ఖాళీగా ఉండలేదు. 2019లో లంపీ చర్మవ్యాధి మన దేశంలో తొలిసారి కనిపించి, 2022లో రాజస్థాన్, గుజరాత్ మందలను ఊడ్చింది. కొద్దిపాటి మందగా మిగిలిన పుంగనూరు ఆవు జాతి కూడా ఒక ద్వీపం లాంటిదే. దాన్ని ముచ్చటపడి ఒక ఊరినుంచి ఇంకో ఊరికి లారీలలో తిప్పేవాళ్ళు ఆ సంగతి తలచుకుంటే బాగుండును.

మల్బరీకి మరొక పరీక్ష 2008లో వచ్చింది. కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి బయటపడి, బొప్పాయితో ఆగక మల్బరీ తోటలకూ పాకింది. దాని సొంత ఇల్లు మెక్సికో ప్రాంతం. అక్కడ దాన్ని అదుపులో పెట్టే చిన్న పరాన్నజీవులను 2010లో ప్యుర్టోరికో నుంచి బెంగుళూరుకు తెప్పించి, మరే మేలుచేసే జీవికీ హాని లేదని పరీక్షించి, ఆ తర్వాతనే వదిలారు. పిండినల్లి లొంగింది. 1795 నాటి కెప్టెన్ నీల్సన్‌కూ 2010 నాటి ఈ శాస్త్రజ్ఞులకూ ఉన్న తేడా అంతా ఆ నడుమ చేసిన పరీక్షలో ఉన్నది. ఇద్దరూ సముద్రం అవతలినుంచి పురుగునే తెచ్చారు.

ఇక మదనపల్లె టమాటా. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో అది ఒకటి. తెల్లవారుజామున మండీల ముందర క్రేట్ల వరుసలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. దక్షిణ అమెరికా నుంచి స్పెయిను మీదుగా ఖండాలు దాటిన టూటా అబ్సొల్యూటా అనే ఆకుతొలుచు పురుగు 2014లో మహారాష్ట్రలో మన దేశానికి తొలిసారి కనిపించి, తర్వాత దక్షిణాదికీ చేరింది. అది కాయలతోనూ, కాయలు మోసే పెట్టెలతోనూ ప్రయాణిస్తుంది. ఒక ఊరి క్రేటు మరొక రాష్ట్రం తిరిగి, కడగకుండానే మూడో రైతు పొలం గట్టుమీద దిగుతుంది. టమాటాకు వచ్చిన ఈ కొత్త చీడను మా వైపు కొందరు రైతులు "ఊజీ" అనడం విని ఉలిక్కిపడ్డాను. రెండూ వేరు వేరు జీవులు. అయినా మా వాళ్ళ నాలుక మీద, బయటినుంచి చెప్పకుండా వచ్చి ఇల్లు తొలిచే ప్రతిదానికీ ఆ పేరే స్థిరపడింది.

అయితే తలుపులన్నీ మూసుకుందామా? ఆ టమాటా కూడా అమెరికానుంచి ఓడ మీద వచ్చినదే. మిరపకాయ వచ్చినదే. వేరుశనగ వచ్చినదే. మల్బరీ, పట్టుపురుగు వచ్చినవే. రాకపోకలు వద్దనుకుంటే మా పల్లె అన్నంలో మిగిలేది చాలా కొద్ది. కాబట్టి అమ్మ గడప చెప్పిన మాటే సరైనదని నాకు తోస్తుంది. ఆమె ఎవరినీ రావద్దనలేదు. కాళ్ళు కడుక్కుని రమ్మన్నది.

ఆ గడప దగ్గర మాకు దొరికిన లోపం ఒక్కటే. నియమం పరాయివాడి కోసమని అనుకున్నాం. కీడు ఎప్పుడూ శత్రువు వేషంలో వస్తుందని అనుకున్నాం. అది మనం పొద్దున అమ్ముకుని వచ్చిన గోతాం మడతలో, మనవాడి భుజం మీద, ఏ దురుద్దేశమూ లేకుండా వస్తుంది.

ఆ ఏడాది తర్వాత మా నాయన సంతనుంచి వస్తే వీధిలోనే గోతాలు దింపి, పంచె దులిపి, తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కునేవాడు. ఎవరూ చెప్పలేదు. అమ్మ చెంబుతో నీళ్ళు పోసేది. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకునేవారు కారు. ఇప్పుడు ఆ మల్బరీ తోట లేదు, పురుగుల ఇల్లు గొడ్లచావిడి అయింది. నాయనకు ఎనభై దాటాయి. మొన్న వెళ్ళినప్పుడు చూశాను: ఆ గడప దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం ఆగి, కాళ్ళు చూసుకుని, అప్పుడు లోపలికి అడుగుపెట్టాడు.

మీ ఊళ్ళలోనూ ఇటువంటి గడపలు, కట్టుబాట్లు ఉండే ఉంటాయి. గుర్తున్నవాళ్ళు చెప్పండి, అవి చెరిగిపోకముందే ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకుందాం.